డబ్బా మీది పేరు, చర్మం చెప్పే తీర్పు

గత మాసం మన కాలనీ మహిళా మండలి సమావేశంలో ఒక తల్లి మా చేతికి ఒక క్రీము డబ్బా అందించారు. పదవ తరగతి చదువుతున్న వారి అమ్మాయికి నుదుట సన్నని పొక్కులు లేచాయి. డబ్బాపై 'ఐసోప్రొపైల్ మిరిస్టేట్' అన్న పేరు చూపి, "ఇటువంటి రసాయనాన్ని పిల్ల ముఖానికి రాయనివ్వడం నా పొరపాటేనా?" అని వారు ప్రశ్నించారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ మాసపు మా శీర్షిక.

కొవ్వు ఆమ్లం ఆల్కహాలుతో కలిసి, నీటిని విడిచినప్పుడు ఏర్పడేది ఎస్టరు. మనం తలకు రాసుకునే కొబ్బరినూనె సైతం కొవ్వు ఆమ్లాలు గ్లిసరాల్‌తో కలిసి ఏర్పడిన ఎస్టర్ల సముదాయమే. మిరిస్టిక్ ఆమ్లం అందులోనూ ఉన్నది. కనుక పేరు అపరిచితమైనంత మాత్రాన పదార్థం హానికరం కాదు. ప్రకృతిసిద్ధమైనంత మాత్రాన నిరపాయకరమూ కాదు. కర్మాగారంలో మనం రసాయనాన్ని దాని మోతాదును, శరీరానికి తగిలే కాలాన్ని బట్టి అంచనా వేస్తాము. ఇక్కడా అదే సూత్రం.

ఒకప్పుడు ఈ పరీక్షలు కుందేళ్ళ కళ్ళపైన, చర్మంపైన జరిగేవి. సౌందర్య సాధనాల కోసం జంతువులపై పరీక్షలను మన దేశం 2014లో నిషేధించింది. నేడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొరపై పదార్థాన్ని ఉంచి, ఎన్ని కణాలు సజీవంగా మిగిలాయో కొలుస్తారు. సగానికి మించి మిగలకపోతే అది చర్మాన్ని మండించే పదార్థమని నిర్ణయిస్తారు. అలర్జీని పరిశీలించేందుకు, సమ్మతించిన వ్యక్తుల వీపుపై మూడు వారాలలో తొమ్మిది పర్యాయాలు పట్టీ వేసి, సుమారు రెండు వారాలు విరామమిచ్చి, వేరొక చోట మరల పట్టీ వేసి చూస్తారు.

అమెరికాలో 1976లో ఏర్పడిన సౌందర్య సాధన పదార్థాల సమీక్షా మండలి, ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌ను పరిశీలించి, వాడుకలోనున్న మోతాదులలో సురక్షితమేనని 1982లో ప్రకటించింది. అయితే, కుందేటి చెవిపై జరిపిన పరీక్షలలో అది రోమరంధ్రాలను మూసివేయగలదని తేలింది. కుందేటి చెవి మన చర్మం కన్న సున్నితమైనది. అయినను మొటిమల స్వభావం గల చర్మానికి ఇది హెచ్చరికే. అంతేకాక, తనతో కలిసిన ఇతర పదార్థాలు చర్మంలోనికి చొచ్చుకొనిపోవడానికి కూడా ఈ ఎస్టరు తోడ్పడుతుంది.

కనుక "సురక్షితం" అన్నది అధిక సంఖ్యాకులకు సంబంధించిన తీర్పు. "మా అమ్మాయికి పడుతుందా?" అన్నది వేరొక ప్రశ్న. మన 2020 నియమావళి ప్రకారం, ఒక శాతానికి మించిన పదార్థాలను పరిమాణ క్రమంలో, ఎక్కువగా ఉన్నదానిని ముందుగా ముద్రించాలి. ఎస్టరు పేరు జాబితా మొదట్లోనే ఉంటే మోతాదు అధికమని గ్రహించవచ్చు. కొత్త క్రీమును వారం దినాలు ముంజేతి లోపలివైపు రాసి చూస్తే మంట, దద్దురు బయటపడతాయి. మొటిమలు మాత్రం ఇంత త్వరగా బయటపడవు.

ఆ తల్లికి మేము చెప్పినదిదే: పొరపాటు మీది కాదు. కొన్ని వారాలు ఆ క్రీము ఆపి చూడండి. పొక్కులు తగ్గకపోతే చర్మవైద్యుని వద్దకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకొని వెళ్ళడం మరువకండి.