‘సోషలే కదా!’ అనుకోవద్దు



ఈ హాస్టల్ అన్నం తిని, డిగ్రీ పూర్తిచేసి, విశ్వవిద్యాలయంలో సాంఘికశాస్త్రం మెథడాలజీతో బి.ఇడి. చదివిన కొందరం కలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. సీటొచ్చిందని చెప్పగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న ‘ఏ మెథడాలజీ?’ అని. ‘సోషల్’ అంటే, ‘సోషలే కదా! ఎవరైనా చెప్పొచ్చు’ అన్నారు. లెక్కలు రానివాళ్లు, సైన్సు దొరకనివాళ్లు చేరే చోటు ఇదని చాలామంది అభిప్రాయం. ఇది తప్పుడు అభిప్రాయమని, దీనివల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటి పిల్లలేనని మేం అంటున్నాం.

పదో తరగతిలో లెక్కలకూ, సాంఘికానికీ సమానంగా 100 మార్కులే. అయినా పరీక్షలు దగ్గరపడితే సోషల్ పీరియడ్ లెక్కల సారుకు వెళ్లిపోతుంది. మిగిలిన పీరియడ్లలో గైడు చదివించడం, బిట్లు బట్టీ పట్టించడం. పాఠం అంటే తేదీల పట్టిక, రాజుల పేర్లు. ఇలా చదువుకునే మనమంతా పాసయ్యాం. మరి నష్టం ఏమిటంటారా? ఒక్క సంగతి చెబుతాం.

మేం హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకరోజు అంటరానితనం పాఠం వచ్చింది. ఆ మాట చదవగానే తరగతి తరగతంతా వెనక్కి తిరిగి హాస్టల్ పిల్లలున్న బెంచీల వైపు చూసింది. సారు పుస్తకంలోంచి తలెత్తలేదు. ‘రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, అండర్‌లైన్ చేసుకోండి, పరీక్షలో వస్తుంది’ అని పేజీ తిప్పేశారు. తప్పు చేసింది మేమే అయినట్టు తలలు దించుకున్నాం. మన తలెత్తించడానికి రాసిన అధికరణమే ఆ రోజు మా తల దించింది. లోపం పాఠంలో లేదు, చెప్పిన తీరులో ఉంది.

చెప్పే తీరు నేర్పడానికే ఉపాధ్యాయ విద్య ఉంది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్ల కోర్సయింది. అందులో కనీసం 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. మొదట సూక్ష్మ బోధన ఉంటుంది. తోటి విద్యార్థుల ముందు కొద్ది నిమిషాలు నిలబడి, ప్రశ్న అడగడమో, ఉదాహరణ ఇవ్వడమో, ఒక్క నైపుణ్యాన్నే సాధన చేయాలి. తర్వాత లక్ష్యాలు, స్పష్టీకరణలు, పాఠ్య పథకం. మొదట్లో ఇదంతా రికార్డులు నింపే తంతు అనుకున్నాం. నిజం చెప్పాలంటే కొంతవరకు తంతే. సీనియర్ల రికార్డు చూసి రాసినవాళ్లు మాలోనూ ఉన్నారు. కానీ ఇంటర్న్‌షిప్‌లో మాలో ఒకరికి అదే అంటరానితనం పాఠం వచ్చినప్పుడు ఆ శిక్షణ విలువ తెలిసింది.

ఆ రాత్రి అందరం కూర్చుని పథకం రాసుకున్నాం. పాఠం మొదలుపెట్టకుండా ముందు ఊరి పటం గీయమన్నాం. బడి, గుడి, చెరువు, బస్టాండు, నీళ్ల ట్యాంకు, ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లలే గుర్తించారు. పటం పూర్తయ్యాక ఊళ్లో ఉండే పిల్లవాడే లేచి, ‘సార్, ట్యాంకు ఇటువైపే ఎందుకు కట్టారు?’ అన్నాడు. పాఠం అక్కడ మొదలైంది. ఈ హద్దులు ఎవరు గీశారు, ఎవరికి లాభం, చట్టం ఏం చెబుతోంది అని చర్చ నడిచింది. ఆ రోజు ఎవరూ వెనక బెంచీల వైపు తిరిగి చూడలేదు. అందరూ పటం వైపే చూశారు.

ఇంకొక సంగతి. బి.ఇడి. పుస్తకాల్లో జాన్ డ్యూయీ పేరు వస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. ‘ప్రజాస్వామ్యం - విద్య’ అన్న అర్థమొచ్చే పేరుతో 1916లో గ్రంథం రాసిన ఆ డ్యూయీ, 1913 నుంచి 1916 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన బాబాసాహెబ్ అంబేద్కర్‌కు గురువు. ఆయనకు తానెంతో రుణపడి ఉన్నానని బాబాసాహెబ్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో రాశారు. ప్రజాస్వామ్యం అంటే ఓట్లే కాదు, మనుషులు కలిసి బతికే పద్ధతి అన్న ఆలోచన ఈ గురుశిష్యులిద్దరిదీ. ఆ పద్ధతిని పిల్లలకు అలవాటు చేయాల్సిన పీరియడ్ ఏది? సోషల్ పీరియడే! దాన్ని చులకన చేస్తే ఏం పోగొట్టుకుంటున్నామో ఆలోచించండి.

ఇక చేదు మాట. ‘కాలేజీకి రానక్కరలేదు, ఫీజు కడితే చాలు, హాజరు మేం చూసుకుంటాం’ అనే కాలేజీలున్నాయి. మనవాళ్లు చాలామంది అటు వెళ్తున్నారు. వాళ్లను నిందించం. ఇంటి దగ్గర అమ్మానాన్న కూలికి వెళ్తుంటే, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియకపోతే, రెండేళ్లు తరగతిలో కూర్చోవడం తేలిక కాదు. పగలు పనిచేసుకుంటూ డి.ఎస్.సి.కి చదువుకోవచ్చన్న లెక్కా అర్థమవుతుంది. కానీ తరగతి చూడకుండా పట్టా తెచ్చుకున్నవాడు రేపు మన పిల్లల ముందు నిలబడితే ఏం చేస్తాడు? తనకు చెప్పినట్టే చెబుతాడు. అండర్‌లైన్ చేసుకోమంటాడు. మనం తల దించుకున్న బెంచీ మీద ఇంకో పిల్ల తల దించుకుంటుంది. ఈసారి చెప్పేది మనవాడే!

ఉద్యోగం ముఖ్యం కాదని మేం అనడం లేదు. టెట్ రెండో పేపరులో 150 మార్కులకు 60 సాంఘికానివే. విషయం అర్థమై చదివినవాడికి అక్కడా మేలే జరుగుతుంది.

అందుకే డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి. ఎడ్‌సెట్ రాయండి. మంచి ర్యాంకు తెచ్చుకుని విశ్వవిద్యాలయ కళాశాలలో సీటు కోసం ప్రయత్నించండి. రోజూ తరగతికి వెళ్లండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలారా, అక్కలారా! ఏటా ఒక్కొక్కరు ఒక్క విద్యార్థికి పుస్తకాలు, దరఖాస్తు ఫీజు, మొదటి నెల మెస్ బిల్లు ఇవ్వగలిగితే, హాజరు అమ్ముకునే కాలేజీకి మనవాళ్లు వెళ్లాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. మా పుస్తకాలు, నోట్సులు ఈ వార్షికోత్సవం రోజునే హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. రికార్డులు మాత్రం ఇవ్వం. అవి ఎవరివి వాళ్లే రాసుకోవాలి!