చేతి చలవ కాదు, కిటికీ చలవ

"నా చేతి గుణం అంతే వదినా! నేను పెట్టిన మొక్క ఏదీ బతకదు" అంది మా మరదలు, పండిపోయిన మనీప్లాంట్ ఆకుల్ని ఒక్కొక్కటే తుంచి చేటలో వేస్తూ.

మా అమ్మ వెంటనే అందుకుంది. "నేనూ అదే చెబుతుండా. కొందరి చేతికి చలవ ఉంటది, కొందరికి ఉండదు. డబ్బులు బోసి మొక్కలు తేబాకమ్మాయ్ అంటే వినదు."

శ్రావణ మాసం పేరంటానికి పామూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పటి ముచ్చట ఇది. అమ్మ నవ్వుతూనే అంది. మరదలూ నవ్వుతూనే విన్నది. చేట పట్టుకుని పెరట్లోకి నడిచేటప్పుడు మాత్రం ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. పాలు విరిగినా, ఆవకాయ బూజు పట్టినా, చివరికి సీసాలో తీగ చచ్చినా ఆడదాని చేతి మీదికే ఎందుకు రావాలి? ఆ కోపంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొంచెం ఘాటు తగిలితే మన్నించండి.

ఇంతకీ ఆ మొక్కలు ఎక్కడున్నాయనుకున్నారు? హాల్లో టీవీ పక్క మూల ఒకటి, మేడమెట్ల కింద ఒకటి. కొని తెచ్చిన రోజున నర్సరీ అబ్బాయి "నీడ మొక్కలమ్మా, ఎండ అక్కర్లేదు" అన్నాడట. వాస్తు చెప్పినాయన "ఆగ్నేయ మూల పెడితే ధనం" అన్నాడట. ఇక ఆ మూలకు దగ్గరున్న తూర్పు కిటికీ వీధి వైపు ఉంది గనక, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారని అమ్మ దాన్ని తెరవనివ్వదు. పట్టపగలు ట్యూబులైటు వేసుకుని కూర్చుంటారు. మా పామూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకోండి. ఊరి నిండా ఎండ, ఇంటి నిండా చీకటి!

అసలు 'నీడ మొక్క' అన్న మాటే మనల్ని మోసం చేస్తోంది. నీడ అంటే చెట్టు నీడ. మెట్ల కింద చీకటి కాదు. ఇంట్లో పెరగడానికి పుట్టిన మొక్క ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. మన మనీప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో మూరియా అనే చిన్న దీవి. ఆకుల్లో చిల్లులుండే మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో అడవుల నుంచి వచ్చింది. అవి పెద్ద చెట్ల కింద మొలిచి, మానును పట్టుకుని వెలుతురు కోసం పైకి పాకే తీగలు. మనింట్లో రెండంగుళాల ఆకు వేసే మనీప్లాంటే, చెట్టెక్కి వెలుతురు అందుకుంటే మూరెడు ఆకు వేస్తుంది. అంత తీగను తెచ్చి మూల కూర్చోబెట్టి, ఎదగలేదని చేతి గుణాన్ని తిట్టుకుంటున్నాం.

"మా హాల్లో వెలుతురు బాగానే ఉందే!" అంటారు. కన్ను చెప్పే సాక్ష్యం నమ్మకండి. చీకట్లోకి రాగానే కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది; ఆకుకు ఆ సౌకర్యం లేదు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట సుమారు 1,00,000 లక్స్ ఉంటే, ఆరుబయటి నీడలో కూడా వేలల్లోనే ఉంటుంది. గది లోపలి మూలకు వచ్చేసరికి అది వందకు పడిపోవచ్చు. కిటికీ నుంచి నాలుగడుగులు లోపలికి జరిగితే చాలు, మనకు తేడా తెలియదు గాని మొక్కకు అది అర్ధాకలి.

యంత్రాలు కొనక్కర్లేదు. మధ్యాహ్నం పూట లైట్లు ఆర్పేసి, మొక్క పెట్టే చోట తెల్లకాగితం ఉంచి, జానెడు పైన చెయ్యి పట్టండి. నీడ కత్తిరించినట్టు పడితే అది ఎండ, ఆకు మాడుతుంది. వేళ్ళు పోల్చుకునేటట్టు మసకగా పడితే సరైన చోటు. నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకోండి, వాటికేం బాధ లేదు. చేతి గుణం చూడాలంటే ఇట్టా చూడాలి!

అట్టాగని పడమటి కిటికీలో పెట్టి ఎండబెట్టమనడం లేదు. నేనే ఒకసారి నర్సరీ నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా పడమటెండలో పెట్టి, ఆకుల మీద తెల్లటి మచ్చలు తెప్పించి చంపాను. మన వైపు తూర్పు కిటికీ మేలు. పొద్దుటి లేత ఎండ చాలు. ఇంకొక సంగతి. పామూరు సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదలు ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, చలికాలంలో దక్షిణంగా దిగుతాడు. కాబట్టి కుండీని ఏడాదంతా ఒకేచోట పాతెయ్యకుండా, రుతువును బట్టి జరుపుతుండాలి.

ఇదేమీ కొత్త విద్య కాదు. తమలపాకు తోటల రైతులు అవిశె చెట్ల మీదికి తీగ పాకించి, నీడ ముదిరితే కొమ్మలు నరికి వెలుతురు సరిచేస్తారు. తమలపాకూ నీడ కోరే తీగే. ఏ రైతయినా దాన్ని గదిలో పెట్టి తలుపేశాడా? ఆకు పండితే పెళ్ళాం చేతి గుణమని అన్నాడా?

చీకట్లో మగ్గే మొక్క నీళ్ళూ తక్కువే తాగుతుంది. అది వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. వేరు కుళ్ళుతుంది. మా మరదలి మొక్కలు పోయింది అశ్రద్ధ వల్ల కాదు, అక్కర ఎక్కువై!

ఇక "గాలి శుభ్రం చేస్తాయండీ" అని అమ్మే బేరం ఒకటుంది. 1989లో నాసా వాళ్ళు ఆ ప్రయోగం చేసింది బిగించి మూసిన పెట్టెల్లాంటి అరల్లో. మనిళ్ళకు ఆ లెక్క పనికిరాదు. గాలి కావాలంటే కిటికీ తెరవడమే మేలు.

ఆ కిటికీ దగ్గరే పేచీ. ఆ పూట నేను అమ్మతో వాదించాను. "నీ పుట్టింట్లో నువ్వు పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, తులసికోట చుట్టూ తిరిగి, పెరట్లో పప్పు చెరిగినదానివి. ఎండా గాలీ నీకు అడక్కుండానే దక్కాయి. ఈ పిల్లకు వాకిలీ లేదు, పెరడు నాలుగడుగులు. ఉన్న ఒక్క కిటికీ నువ్వు మూయిస్తివి. చలవ ఎవరి చేతికి లేదంటావమ్మా?" అమ్మ మాట్లాడలేదు. పెద్దదాన్ని అట్టా అన్నందుకు ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు.

దీపావళికి మళ్ళీ వెళ్ళాను. తూర్పు కిటికీ తెరిచి ఉంది, సగానికి పల్చటి తెర. గట్టు మీద మనీప్లాంట్ మూడు కొత్తాకులు వేసింది. ఆ పక్కనే కుర్చీ వేసుకుని మా మరదలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"తెర నేనే కుట్టా" అంది అమ్మ, ఎటో చూస్తూ. "ఆకులు మాడతాయని."