తప్పు సెన్సర్‌దా, తీగదా?

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై కాంకేర్ దాటాక కేశకాల్ ఘాట్ వస్తుంది. మలుపు మీద మలుపు, ముందూ వెనకా లారీలు. అక్కడ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వేగం అందుకోకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో కచ్చితంగా తెలియనప్పుడు కారులోని కంప్యూటర్ ముందుజాగ్రత్తగా ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలుగుతుంది.

షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెట్టి, ‘థ్రాటిల్ సెన్సర్ పోయింది, మార్చాలి’ అంటారు. చాలా కొత్త కార్లలో ఈ సెన్సర్ విడిగా దొరకదు. థ్రాటిల్ బాడీ మొత్తం కొనాలి. అంటే బిల్లు వేలల్లోకి వెళ్తుంది. అంతా మార్చిన వారానికి దీపం మళ్లీ వెలిగితే? స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది వోల్టేజీ గురించి, సెన్సర్ గురించి కాదు.

సెన్సర్‌కు మామూలుగా మూడు తీగలుంటాయి. ఒకటి కంప్యూటర్ నుంచి 5 వోల్టులు తెస్తుంది. రెండోది ఎర్త్. మూడోది సంకేతాన్ని వెనక్కి తీసుకెళ్తుంది. థ్రాటిల్ మూసి ఉంటే సంకేతం దాదాపు 0.5 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4 దాటుతుంది. పి0122 కోడ్‌కు అర్థం సంకేతం మరీ తక్కువగా ఉందని, పి0123 అంటే మరీ ఎక్కువని. 5 వోల్టుల తీగ తెగితే సాధారణంగా మొదటిది, ఎర్త్ తెగితే రెండోది వస్తుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో రెండు సెన్సర్లు ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. రెండింటికీ పొత్తు కుదరకపోతే పి2135. వీటిలో ఏ కోడ్‌కైనా తీగో, కనెక్టరో కారణం కావచ్చు.

రాయ్‌పూర్‌లో తీగను అనుమానించడానికి కారణాలు ఎక్కువే. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల దుమ్ము కనెక్టర్ల సందుల్లో చేరుతుంది. 45 డిగ్రీలకు చేరే వేసవి ఎండలకు ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కుతాయి. ఆపై వర్షాకాలం తడి. పిన్నులకు పచ్చటి చిలుము పట్టడానికి ఇంకేం కావాలి? వాన పడితే బానెట్ కింద వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చే ఎలుకల సంగతి సరేసరి.

పరీక్షకు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కనెక్టర్ విప్పి చూడాలి. 5 వోల్టుల పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 5 వోల్టులు కనిపించాలి. అక్కడ లేకుండా, అదే పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య ఉంటే ఎర్త్ తీగ తెగినట్టే. ఎక్కడా లేకపోతే వెంటనే కంప్యూటర్‌ను నిందించకండి. అదే 5 వోల్టులను వాడుకునే మరో సెన్సర్ షార్ట్ అయి ఉండొచ్చు. తర్వాత కనెక్టర్ బిగించి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ సంకేతాన్ని గమనించాలి. అది ఎగుడుదిగుళ్లు లేకుండా మారాలి. చివరగా తీగల కట్టను చేత్తో కదపాలి. పెడల్ కదలకుండానే అంకె ఎగిరిపడితే దొంగ దొరికినట్టే. షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, ఘాట్‌లో ఇంజిన్ ఊగినప్పుడే మొరాయించే లోపాలు ఇలాగే బయటపడతాయి.

రెండు జాగ్రత్తలు. ఈ తీగలపై బల్బు టెస్ట్‌ల్యాంప్ వాడొద్దు. అది లాగే కరెంటుకు కంప్యూటర్ దెబ్బతినొచ్చు. తీగ తొడుగును సూదితో గుచ్చి చూడొద్దు. ఆ రంధ్రంలోంచి దిగిన నీరే రేపటి లోపం.

ఇదంతా చేసేది మెకానికే అయినా, అడగాల్సింది మీరే. థ్రాటిల్ బాడీ ఆర్డర్ చేసే ముందు ‘5 వోల్టులు వస్తున్నాయా? ఎర్త్ చూశారా? తీగలు కదిపి చూశారా?’ అని అడగండి. అంకెలు చెప్పగలిగితే పర్సు తీయండి. చెప్పలేకపోతే తాళంచెవి వెనక్కి తీసుకోండి.