గట్టు లెక్క ఆకాశం నుండి: బొమ్మ బాగుంటే చాలదు, కొలత నిలవాలి

అనంతగిరి: సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలానికి ఇరుగుపొరుగున ఆకాశం నుండి నేలను కొలిచే కార్యక్రమాలు ఒకటొకటిగా వచ్చాయి. కోదాడ దాటితే తగిలే జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూముల రీసర్వేకు శ్రీకారం చుట్టింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పట్టణాల కోసం ప్రారంభించిన ‘నక్షా’ పథకంలో మిర్యాలగూడకు చోటు దక్కింది. అదే సంవత్సరం తెలంగాణలో నక్షాలు లేని గ్రామాలలో ప్రయోగాత్మక రీసర్వేకు ఎంపికైన ఐదింటిలో ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండలం ములుగుమాడ ఒకటి. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, మ్యుటేషను కాగితాలకు భూమి పటం జతపరచే ఏర్పాటు ఉన్నది. కనుక మన పొలాలపై డ్రోన్ ఎగిరే రోజు కూడా ఎంతో దూరంలో లేదనుకోవాలి.

అయితే డ్రోన్ గూర్చి జరుగుతున్నంత చర్చ, అది తీసిన ఫొటోలను పటంగా మార్చే సాఫ్టువేరు గూర్చి జరగడం లేదు. రైతు గట్టు ఎక్కడ పడేదీ తేలేది అక్కడనే.

ఫొటో పటం కాదు

డ్రోన్ తెచ్చేవి వందల కొలది విడి ఫొటోలు మాత్రమే. ఒక ఫొటోలో కనిపించిన నేలలో సుమారు ముప్పాతిక భాగం తరువాతి ఫొటోలో కూడ వచ్చేటట్లు తీస్తారు. ఒకే గట్టు మూల, ఒకే రాయి అనేక ఫొటోలలో ఎక్కడెక్కడ పడినదో సాఫ్టువేరు గుర్తిస్తుంది. మనిషికి రెండు కళ్ళ చూపు వల్ల దూరం తెలిసినట్లే, దానికి ఆ మూల ఉన్న చోటు, ఎత్తు లెక్కకు వస్తాయి. దీనినే ఫొటోగ్రామెట్రీ అంటారు.

ఈ పనికి స్విట్జర్లాండు వారి పిక్స్‌4డి, రష్యా వారి ఎజిసాఫ్ట్ మెటాషేప్ పేరుపొందినవి. ఓపెన్ డ్రోన్ మ్యాప్ అనేది ఉచితంగా దొరుకుతుంది. ధరలోను, వేగంలోను తేడాలున్నప్పటికీ వీటన్నింటి మూలసూత్రం ఒక్కటే. ఖరీదైనది కొన్నంత మాత్రాన గట్టు సరిగా పడదు. ఉచితమైనదని తీసిపారేయనూ అక్కరలేదు.

అర మీటరు ఖరీదు

ఎకరం నలుచదరంగా ఉన్నదనుకుంటే ఒక్కొక్క ప్రక్క సుమారు 64 మీటర్లు. పటంలో ఒక గట్టు అర మీటరు జరిగితే దాదాపు 38 గజాలు పోయినట్లే. గుంటకు 121 గజాలు కనుక ఇది గుంటలో మూడోవంతుకు దగ్గర. అదే తేడా 5 సెంటీమీటర్లయితే 4 గజాలతో సరిపోతుంది. సాగర్ ఎడమ కాలువ క్రింద గుంట భూమికై అన్నదమ్ములు కోర్టుకెక్కిన రోజులు ఎరిగినవారికి ఈ తేడా విలువ చెప్పనక్కరలేదు.

ఈ తేడాను అదుపులో పెట్టేది నేలమీది గుర్తులు. ఎగరడానికి ముందు ఊరి నలుమూలలా తెల్లని గుర్తులు వేసి, రోవర్ పరికరంతో వాటి స్థానాన్ని కచ్చితంగా కొలుస్తారు. కొన్ని గుర్తులను సాఫ్టువేరుకు ఇచ్చి, మరికొన్నింటిని దానికి తెలియకుండ దాచి ఉంచాలి. పటం తయారైన పిదప దాచిన గుర్తులు ఎన్ని సెంటీమీటర్ల తేడాలో పడ్డాయో చూడాలి. పటానికి అసలు పరీక్ష ఇదే. సాఫ్టువేరు తనకు తానే ఇచ్చుకున్న మార్కులు చూసి మోసపోరాదు.

మన నేలకు తగిన జాగ్రత్తలు

వరి నిండుగా ఉన్నపుడు పొలమంతా ఒకే పచ్చగా కనిపిస్తుంది. మళ్ళలో నీరు నిలిచితే అద్దంవలె మెరుస్తుంది. అప్పుడు ఏ సాఫ్టువేరు అయినా తడబడుతుంది. యాసంగి కోతలైన తరువాత, నాట్లకు ముందు ఎగరవేయడం మేలు. తుమ్మచెట్ల క్రింద, తాటి వరుసల క్రింద ఉన్న గట్లు పైనుండి కనిపించవు. వాటిని మనిషి నడిచి కొలవవలసినదే.

ఎత్తుల విషయం మరొకటి. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండిపడిన సంగతి తెలిసినదే. నీరు ఎటు పారుతుందో ముందే చెప్పగల పటం ఇటువంటి చోట్ల ఎంతో ఉపయోగకరం. కాని ఉపగ్రహాల ఆధారంగా తేలే ఎత్తుకు, సముద్రమట్టం నుండి లెక్కించే ఎత్తుకు మన ప్రాంతంలో 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. సాఫ్టువేరులో ఈ సవరణ చేయకపోతే కొత్త పటం, కాలువ శాఖ వారి పాత లెక్కలు ఎన్నటికీ కలవవు.

ఫొటోలు ఎక్కడికి పోతాయన్నది కూడ చూడాలి. అడ్డంగా 1 మీటరు, ఎత్తులో 3 మీటర్ల కంటె సూక్ష్మమైన భూ సమాచారాన్ని దేశంలోనే భద్రపరచి, దేశంలోనే లెక్కకట్టాలని కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 15న మార్గదర్శకాలు జారీచేసింది. ఫొటోలను విదేశీ యంత్రాలకు పంపి పటం తెప్పించే సాఫ్టువేరు మన గట్ల పనికి పనికిరాదు.

హక్కు తేల్చేది సాఫ్టువేరు కాదు

ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే తరువాత విస్తీర్ణాలు తగ్గాయని ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. 2024లో గ్రామసభలు పెట్టి వాటిని స్వీకరించవలసి వచ్చింది. అవన్నీ సాఫ్టువేరు తప్పులని అనలేము. డ్రోన్ చూపేది నేటి గట్టును. అది ఎవరిదన్నది సేత్వారు, టీపన్, పహాణీలు, ఇరుగుపొరుగు రైతుల మాట కలిపి తేల్చవలసినదే. గట్టు ఇదివరకే జరిగి ఉంటే, అతి మంచి సాఫ్టువేరు ఆ జరిగిన గట్టునే అతి కచ్చితంగా చూపుతుంది.

కనుక సర్వే బృందం ఊరికి వచ్చిననాడు సాఫ్టువేరు పేరు అడిగి ఊరుకోరాదు. దాచిన గుర్తులు ఎన్ని? తేడా ఎన్ని సెంటీమీటర్లు? చెట్ల క్రింది గట్లను ఎవరు నడిచి కొలిచారు? అసలు ఫొటోల ప్రతి పంచాయతీకి ఇస్తారా? అవి చేతిలో ఉంటే, వివాదం వచ్చిననాడు వేరొక సాఫ్టువేరుతో మళ్ళీ లెక్కకట్టించుకోవచ్చు. ఈ జవాబులను గ్రామసభలో చదివి వినిపించిన తరువాతనే రైతులు సంతకాలు పెట్టడం మంచిది. వెనుకటి రోజులలో గొలుసు లాగేటపుడు ఇరువైపుల రైతులు గట్టుమీద నిలబడేవారు. గొలుసు పోయి డ్రోన్ వచ్చినా గట్టుమీద రైతు ఉండవలసినదే.