పాత టెలిఫోను: అసలెంత? అతుకెంత?

పాతవస్తువుల అంగడిలో నల్లని బేకలైట్ టెలిఫోను కంటబడగానే కొనదలచినవాడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది అసలైనదేనా?" ప్రశ్న చిన్నది. సమాధానం మాత్రం అంత తేలికైనది కాదు. బ్రిటిష్ టెలిఫోనుల విషయంలో 'అసలు' అన్న మాటకే ముందుగా అర్థం తేల్చుకోవలసి ఉంటుంది.

ఇందుకు కారణం ఆ దేశపు టెలిఫోను చరిత్రలోనే ఉన్నది. 1912లో నేషనల్ టెలిఫోన్ కంపెనీని స్వాధీనం చేసుకొన్న తరువాత, హల్ నగరం వంటి ఒకటి రెండు చోట్లు తప్ప, బ్రిటన్‌లోని టెలిఫోను వ్యవస్థ అంతా జనరల్ పోస్టాఫీసు చేతిలో నడిచింది. ఇంటిలో ఉన్న పరికరం చందాదారుని సొత్తు కాదు. అతడు అద్దె చెల్లించి వాడుకొనేవాడు, అంతే. పరికరం చెడిపోయినా, అక్కర తీరినా అది తిరిగి పోస్టాఫీసుకే చేరేది. కర్మాగారంలో దానిని విప్పి, అరిగిన భాగాలను తొలగించి, వేరే భాగాలను అమర్చి, మెరుగుపెట్టి మరొక ఇంటికి పంపేవారు. అందువల్ల పెట్టె ఒక సంవత్సరానిది, చేతిపిడి మరొక సంవత్సరానిది, డయలు ఇంకొక సంవత్సరానిది కావడం మోసం కాదు. ఆ యంత్రం బ్రతికిన తీరే అది.

ఈ సంగతి ఎరుగని కొనుగోలుదారు రెండు విధాల నష్టపోతాడు. నిజమైన పాత పరికరాన్ని నకిలీ అని త్రోసిపుచ్చుతాడు. నిన్న మొన్న కూర్చిన దానిని నిజమని నమ్ముతాడు. తాళపత్ర ప్రతులలో మూలపాఠమేదో, ప్రక్షిప్తమేదో నిర్ణయించే పరిష్కర్తకు ఉండవలసిన ఓర్పు ఇక్కడా అవసరమే.

ఆనవాళ్లకు మాత్రం కొరత లేదు. 1929లో వచ్చిన 162వ నమూనా పిరమిడ్ ఆకారంలో ఉంటుంది. మాట్లాడేవాని గొంతు తన చెవికే బిగ్గరగా వినవచ్చే లోపాన్ని తగ్గించి 1934లో 232వ నమూనాను తెచ్చారు. పైకి రెండూ కవలలే. వీటి పెట్టెలో గంట ఉండదు. అది గోడకో, టెలిఫోను అడుగుననో వేరుగా అమరి ఉంటుంది. కనుక గంట లేదని ఎవరైనా పెదవి విరిస్తే అది వారి తొందరపాటే. గంటను పెట్టెలోనే ఇముడ్చుకొన్న 300 వరుస 1937లో వచ్చింది. ప్లాస్టిక్ దేహంతో 706వ నమూనా 1959లో వచ్చింది. చేతిపిడి మీద, పెట్టె అడుగున నమూనా సంఖ్య, తయారీదారు గుర్తు, సంవత్సరపు చివరి రెండంకెలు తరచుగా కనిపిస్తాయి. ఎఫ్.డబ్ల్యు.ఆర్. అన్న అక్షరాలుంటే అది కర్మాగారంలో పునరుద్ధరణ పొందినదని గ్రహించాలి.

డయలు చెప్పే కథ మరింత రసవత్తరమైనది. లండన్ వంటి మహానగరాలలో ఎక్స్చేంజి పేరులోని తొలి అక్షరాలను తిప్పవలసి ఉండేది గనుక అక్కడి డయళ్లపై అంకెలతోపాటు అక్షరాలూ ఉండేవి. చిన్న ఊళ్లలో అంకెలు చాలేవి. ఆ అక్షరాల అమరికలోనూ ఒక విశేషమున్నది: బ్రిటిష్ డయలుపై 6 వద్ద ఎమ్, ఎన్ మాత్రమే ఉండి, ఓ అక్షరం సున్న వద్దకు చేరుతుంది. 6 వద్దనే ఎమ్, ఎన్, ఓ మూడూ కనిపిస్తే ఆ డయలు వేరొక దేశం నుండో, వేరొక కాలం నుండో వచ్చిందన్నమాట.

రంగు దగ్గర మోసానికి ఎక్కువ అవకాశమున్నది. దంతపు రంగు, పచ్చ, ఎరుపు పరికరాలు నల్లవాటికంటె అరుదు. వెల కూడా ఎక్కువే. నల్లని పెట్టెకు రంగు పూసి అమ్మేవారికి ఇది చాలును. పెట్టెను తిరగవేసి లోపలి వైపు చూస్తే గుట్టు బయటపడుతుంది. అసలైన దానిలో రంగు పదార్థంలోనే కలిసి ఉంటుంది. పూసినదాని లోపల నలుపే మిగులుతుంది.

ఇక 1981లో బ్రిటన్‌లో కొత్త ప్లగ్గు, సాకెట్టు అమలులోకి వచ్చాయి. అంతకుముందు తీగను గోడమీది పెట్టెకు నేరుగా బిగించేవారు. కనుక 1930ల నాటి టెలిఫోనుకు ఆ ప్లగ్గు ఉంటే అది తరువాతి చేర్పే. అయితే మాట్లాడుకోవడానికి చేసిన చేర్పును తప్పుపట్టడం అన్యాయం. పాత డయలు పంపే విద్యుత్ స్పందనలను గుర్తించలేని డిజిటల్ పరికరాలు అనేకం. అందుకై లోపల చిన్న సర్క్యూట్ అమర్చుకొన్నా ఆక్షేపించనవసరం లేదు, తీసిన భాగాన్ని పారవేయనంతవరకు.

ఆక్షేపించవలసినది వేరొకటి. గుడ్డ అల్లిక తీగ అరిగిపోగా, దాని స్థానంలో పోస్టాఫీసువారే తరువాతి కాలంలో మెలికల ప్లాస్టిక్ తీగ అమర్చిన పరికరాలున్నాయి. కొందరు సేకర్తలు ఆ మెలికల తీగను పీకివేసి, నిన్న నేసిన గుడ్డ తీగను తగిలించి "1930ల నాటి అసలు స్థితి" అని ప్రకటిస్తారు. ఇది పునరుద్ధరణ కాదు. ఉన్న సాక్ష్యాన్ని చెరిపి లేని సాక్ష్యాన్ని పుట్టించడం. తీగ మార్చక తప్పని వేళ 332వ నమూనా అడుగున ఉండే చిన్న సొరుగు అక్కరకు వస్తుంది. నంబర్ల కార్డు కోసం ఏర్పరచిన ఆ సొరుగులో, ఏ భాగాన్ని ఏ సంవత్సరంలో మార్చినదీ వ్రాసిన ఒక కాగితం ముక్కకు చోటు ఉండనే ఉన్నది.