పెట్ట చేసే పనికి లెక్క ఎక్కడ?

భర్తను అడగకుండా ఖర్చు పెట్టుకోగల డబ్బు పల్లెల్లో ఆడవాళ్ళ దగ్గర ఏదైనా ఉందంటే, చాలా ఇళ్ళలో అది కోళ్ళ డబ్బే. పొలం పట్టా ఆమె పేర ఉండదు. గేదెను ఆమే మేపినా పాలడబ్బు ఆయన జేబులోకే పోతుంది. కోడి మాత్రం ఆమెది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద పెరటి పక్షులు 31.7 కోట్లని తేలింది. 2012 లెక్క కంటే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. వీటిని సాకేది ఎవరో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

పథకాల కింద పంచే కోళ్ళలో వనరాజా ఒకటి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పరిశోధన సంస్థ రూపొందించిన ఈ కోడి నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడుతుంది. కానీ పొదుగుకు రాదు. ఉన్న కోళ్ళు అయిపోతే మళ్ళీ పిల్లల కోసం హేచరీ వైపో, అధికారి వైపో చూడాల్సిందే. నాటుపెట్ట ఉన్న ఆమెకు ఆ ఎదురుచూపు లేదు. గంపలో వరిగడ్డి పరిచి పది, పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలు దిగుతాయి.

ఇప్పుడు మహిళా సంఘాలకు చిన్న ఇంక్యుబేటర్లు ఇద్దామన్న మాట వినిపిస్తోంది. వద్దనడం మా ఉద్దేశం కాదు. పొదగడం, పిల్లలను తిప్పడం పెట్టకు తప్పితే అది త్వరగా మళ్ళీ గుడ్లకొస్తుంది. అయితే ఆ పెట్ట చేస్తున్న పని ఏమవుతుంది? గుడ్లకు వెచ్చదనం ఇస్తుంది, ముక్కుతో తిప్పుతుంది. పిల్లలు దిగాక రెక్కల కింద కప్పుకుంటుంది, గింజ ఏరడం చూపిస్తుంది, గద్ద వస్తే అరిచి దగ్గరకు పిలుచుకుంటుంది. 37.5 డిగ్రీల వేడి మెషీను ఇస్తుంది, నిజమే. నీళ్ళ పళ్ళెం ఎండకుండా చూడడం, అర్ధరాత్రి కరెంటు పోతే లేవడం, దిగిన పిల్లలను వారాల తరబడి కాయడం మాత్రం మనిషి మీద పడుతుంది. ఆ మనిషి ఎవరు? కోడి ఊరికే చేసిపెట్టిన పని ఇప్పుడు ఆమె ఊరికే చేయాలి. ప్రాజెక్టు కాగితాల్లో గుడ్ల సంఖ్య ఉంటుంది గానీ ఈ గంటలు ఉండవు.

తెలిసిన ఆడవాళ్ళు మధ్యేమార్గం చూసుకుంటున్నారు. మెషీనులో దిగిన పిల్లలను, అదే సమయానికి పొదుగు మీదున్న పెట్ట కిందకు రాత్రిపూట చేరుస్తారు. చీకట్లో ఆ తల్లి తేడా పట్టదు, మరీ ఎక్కువ పెడితే తప్ప. అందుకే మెషీను వచ్చిన ఊళ్ళో కూడా నాటుపెట్టలు మిగలాలి.

ఎన్ని పిల్లలు దిగినా కొక్కెర తెగులు వస్తే ఒక్క వారంలో పెరడు ఖాళీ అవుతుంది. టీకా చుక్కలు వేయడం పెద్ద విద్యేమీ కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980లలోనే పల్లె స్త్రీలకు టీకాలు వేయడం నేర్పింది. మన సంఘాలు మెషీను కోసం అర్జీ పెట్టేటప్పుడు టీకాను, ఆ శిక్షణను కూడా అదే కాగితంలో అడగాలి. మెషీను ఎవరి పేర వస్తుందో, కరెంటు బిల్లు ఎవరు కడతారో, రాత్రి కాపలాకు కూలి ఎంతో, సంతకం పెట్టకముందే రాయించుకోవాలి.