మైదానంలో పరుగుకి వంటింట్లోనే తొలి అడుగు

ఇంట్లో ఆడపిల్ల కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టిందంటే ఇంటిల్లిపాదికీ రాతపరీక్ష మీదే ధ్యాస. కోచింగులు, పుస్తకాలు, బిట్ పేపర్లు! దేహదారుఢ్య పరీక్షల మాటెత్తితే మాత్రం, "ఆ... పరుగేగా, పదిరోజుల ముందు మొదలెడితే చాల్లే" అనేస్తారు. ప్రిలిమినరీ గట్టెక్కిన అమ్మాయిలు ఎందరో ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం. పరీక్షకు వెళ్లేది మీ కూతురైనా, కోడలైనా, మీరే అయినా చదవండి.

ముందు ఏమేం అడుగుతారో చూద్దాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. రెండున్నర మీటర్ల లాంగ్‌జంప్ చేయాలి. 4 కిలోల ఇనుపగుండును 4 మీటర్ల దూరం విసరాలి. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది నోటిఫికేషన్‌లో 1600 మీటర్లకు 10 నిమిషాల 30 సెకన్లు, 100 మీటర్లకు 18 సెకన్లు ఇచ్చారు. లాంగ్‌జంప్ 2.75 మీటర్లు. కొలతలు నోటిఫికేషన్‌ని బట్టి మారవచ్చు కాబట్టి కొత్తది రాగానే జాగ్రత్తగా చదువుకోండి.

ఈ అంకెలు చూసి బెంబేలు పడకండి. 800 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లు. ఒక్కో రౌండుకి 2 నిమిషాల 40 సెకన్లు, అంటే వంద మీటర్లకి 40 సెకన్లు. ఇదేమీ పి.టి. ఉష పరుగు కాదు. కాకపోతే ఆ వేగం చివరిదాకా తగ్గకూడదు. కిటుకంతా అక్కడే ఉంది!

"ఇంటిపనంతా చేస్తాను, నాకు బలం లేదా?" అంటారేమో. లేకేం! వంటగ్యాస్ సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు. ఇనుము బరువు కూడా కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని మీరు అవలీలగా పక్కకి జరిపేస్తారు. కానీ బరువెత్తడం క్షణం పని. పరుగులో గుండె, ఊపిరితిత్తులు ఐదారు నిమిషాలు, పది నిమిషాలు ఆగకుండా పనిచేయాలి. ఆ దమ్ము పది రోజుల్లో రాదు. కనీసం మూడు నెలలు పడుతుంది.

మొదటి రెండు వారాలు రోజూ అరగంట చురుగ్గా నడవమనండి. తర్వాత ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక, మళ్లీ పరుగు. వారం వారం పరుగు పెంచుతూ, నడక తగ్గిస్తూ పోవాలి. పక్కవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడగలిగేంత వేగం చాలు. రెండో నెల చివరికి ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తగలిగితే, అప్పుడు గడియారం చేతికి ఇవ్వండి. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి తప్పనిసరి. కాళ్లల్లో సత్తువకి గుంజీళ్లు, భుజాలకి గోడకు చేతులానించి తోయడం మంచి సాధన. గుండుని బంతిలా విసరకూడదు. మెడ దగ్గర ఆనించుకుని, కాళ్ల బలంతో ముందుకి నెట్టాలి. లాంగ్‌జంప్ ఇసుకలోనే నేర్చుకోవాలి. గట్టినేల మీద దూకితే మోకాళ్లకి, మడమలకి దెబ్బ.

ఇక అసలు ప్రశ్న. ఆ పొద్దుటి గంట అమ్మాయికి ఎవరిస్తారు? అన్నయ్య పరుగుకి వెళ్తానంటే ఎవరూ అడ్డు చెప్పరు. అమ్మాయి వెళ్తానంటే వాకిలి ఊడవాలి, నీళ్లు పట్టాలి, క్యారియర్లు కట్టాలి! పెళ్లయిన పిల్లయితే మరీనూ. ఈ మూడు నెలలు ఆ పనులు ఇంట్లో అందరూ తలా కాస్త పంచుకోండి. గ్రౌండుకి తోడెళ్లమని మగవాళ్లకి చెప్పండి. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోనివ్వండి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు కదా!

తిండి సంగతికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైనే! రక్తం తక్కువైతే ఎంత సాధన చేసినా ఆయాసం తప్పదు. అందుకే మొదటి వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరు సలహాతో ఐరన్ మాత్రలు వాడాలి. తోటకూర పప్పు, ఉలవచారు, శనగల గుగ్గిళ్లు, గుడ్లు, తినేవారైతే మాంసం తరచూ పెట్టండి. అన్నంలోకి నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ, కాఫీలు మాత్రం వద్దు.

పరుగు నుంచి రాగానే తినడానికి పల్లీ ఉండలు చేసి ఉంచండి. కప్పు వేయించి పొట్టు తీసిన పల్లీలు, అరకప్పు దోరగా వేయించిన నువ్వులు, ముప్పావు కప్పు తురిమిన బెల్లం, కాస్త యాలకుల పొడి కలిపి దంచి ఉండలు చుట్టేయడమే. పాకం పట్టే పని లేదు. వీటితో పాటు గ్లాసుడు మజ్జిగ ఇవ్వండి.

ఒక హెచ్చరిక. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టుల పరుగు పరీక్షల సమయంలో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. మగపిల్లలకి అక్కడ పెట్టింది 10 కిలోమీటర్ల పరుగు. మన దగ్గర దూరం తక్కువే అయినా అశ్రద్ధ పనికిరాదు. పరుగులో గుండెలో నొప్పి, కళ్లు తిరగడం, చెప్పలేనంత ఆయాసం కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి, డాక్టరుకి చూపించాలి. ఇంట్లో గుండెజబ్బులున్నా, చిన్నప్పుడు ఆయాసం ఉన్నా సాధన మొదలుపెట్టక ముందే చూపించండి. స్నేహితులిచ్చే బలం మాత్రలు, ఇంజెక్షన్లు ముట్టనివ్వద్దు. నెలసరి వాయిదాకి కూడా సొంతంగా మాత్రలు మింగకూడదు.

పరీక్ష రోజున కొత్తవేవీ వద్దు. కొత్త బూట్లు అసలే వద్దు. పూరీలు, పొంగల్ పెట్టి పంపకండి. బయల్దేరేముందు రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. ఎండలో వరుసలో నిలబడాల్సి రావచ్చు కాబట్టి నీళ్ల సీసా, టోపీ, హాల్‌టికెట్ రాత్రే సర్దిపెట్టండి.

మొదటి రౌండులో వాళ్లతో వీళ్లతో పోటీ పడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పోటీ పక్కమ్మాయితో కాదు, గడియారంతోనే. ఒకవేళ ఈసారి తప్పినా, సంపాదించుకున్న దమ్ము ఎక్కడికీ పోదు. వచ్చే నోటిఫికేషన్ దాకా ఆ పొద్దుటి గంటని మాత్రం అమ్మాయి దగ్గర నుంచి వెనక్కి తీసుకోకండి!